ఎక్స్ లెక్కలు, ఇంట్లో ఇద్దరు మాస్టర్లు

ప్రశ్న: అనంతపురం జిల్లా నుంచి ఒక తల్లి రాశారు. ఉత్తరం పొడుగ్గా ఉంది కాబట్టి సారం మాత్రం ఇస్తున్నాం.

ఆమె బీకాం చదివి, తాడిపత్రి దగ్గర ఒక ఊళ్లో ఇంట్లోనే మిషన్ కుడుతున్నారు. భర్తది బెంగళూరులో ఉద్యోగం. కూతురు ఏడో తరగతి. ఐదో తరగతి దాకా లెక్కల్లో ముందుండే పిల్లకు మొన్నటి పరీక్షలో 25కు 9 వచ్చాయి. పోయిన మార్కులన్నీ బీజగణితంలోనే. సాయంత్రం పూట మామగారు పాపను కూర్చోబెట్టుకుంటారు. ఆయన చాలా ఏళ్లు వేరుశనగ మండీలో గుమస్తాగా చేశారు, ఎంత పెద్ద లెక్కయినా నోటితోనే తేల్చేస్తారు. "ప్లస్ అటు పోతే మైనస్, మైనస్ అటు పోతే ప్లస్. ఇంతకుమించి ఏముంది?" అనేది ఆయన మాట. "అట్లా బట్టీ పట్టిస్తే పాపకేం అర్థమవుతుంది మామా?" అని ఈమె పళ్ల పేర్లు చెప్పి మళ్లీ మొదటినుంచి చెబుతారు. మాటామాటా పెరుగుతుంది. పాప రబ్బరుతో చెరిపి చెరిపి కాగితం చిల్లు పెడుతుంది. "జేజినాయన చెప్పినట్టు చేస్తే అమ్మ కొట్టేస్తాది, అమ్మ చెప్పినట్టు చేస్తే జేజినాయన ఒప్పుకోడు. నాకు లెక్కలు రావు, పో" అని పోయిన వారం పుస్తకం మూసేసిందట. భర్త ఫోన్లో "నెలకు 800 పోతే పోనీ, ట్యూషన్‌లో చేర్చు" అంటున్నారు. ఇంకో పరీక్షకు ఐదు వారాలుంది. మా ఇద్దరిలో ఎవరిది సరైన పద్ధతి, ట్యూషన్ పెట్టించాలా వద్దా అని అడుగుతూ పాప నోటుబుక్కు పేజీలు కూడా పంపారు.

సమాధానం:

అమ్మా, ఎవరిది సరి అన్న సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ పేజీలు చూడాలి. మీ పాప తోచినట్టు రాసి తప్పులు చేయలేదు. దాదాపు ప్రతి తప్పు వెనకా ఒక నియమం ఉంది. ఆ నియమాన్ని ఆమె బుద్ధిగా పాటించింది.

ఇక్కడినుంచి ఎక్స్ బదులు 'మ' అని రాస్తాను. ఏ అక్షరమైనా లెక్క మారదు.

మొదటి పేజీలో 2మ + 5 = 17 ఉంది. పాప 2మ = 17 − 5 = 12 అని రాసింది, సరిగ్గానే ఉంది. ఆ తర్వాత మ = 12 − 2 = 10 అని రాసింది. ఐదు అటు పోతే మైనస్ అయింది కదా, మరి రెండు పోతే కాదా? ఆమె ఆలోచన ఇదే. 2కూ మకూ మధ్య గుణకారం ఉందనీ, దాన్ని విప్పాలంటే భాగించాలనీ 'అటు పోతే మైనస్' అన్న మాటలో ఎక్కడా లేదు. మీ మామగారికి ఆ సంగతి తెలుసు. కానీ పాప చేతికి అందింది ఆ మాట ఒక్కటే.

రెండో పేజీలో 3మ + 4 = 7మ అని ఉంది. ఇది మాత్రం, ఏమీ అనుకోకండి, మీ పళ్ల నుంచి వచ్చింది. "చ అంటే చీనీకాయ, ద అంటే దానిమ్మ. చీనీనీ దానిమ్మనూ కలపలేం కదా, అందుకే 2చ + 3దను కలపకూడదు" అని చెప్పానని రాశారు. చాలామంది టీచర్లూ ఇలాగే చెబుతారు. ఆ ఒక్క లెక్కకు పనిచేస్తుంది, ఆ తర్వాత చిక్కే. చ అంటే చీనీకాయ అయితే 3చ + 4 అంటే మూడు చీనీకాయలు, ఇంకో నాలుగు. ఏడు చీనీకాయలు కాక మరేమవుతాయి? పాప 7మ అని రాసింది కూడా ఇలాగే. మీరు నేర్పినదాన్ని బట్టి అదే సరైన జవాబు.

మూడో పేజీ ఇంకా స్పష్టంగా ఉంది. చీనీకాయ 8 రూపాయలు, దానిమ్మ 20 రూపాయలు, చ చీనీకాయలు, ద దానిమ్మలు కొంటే మొత్తం ఎంత అన్న లెక్కకు పాప చ + ద = 28 అని రాసింది. ఒక చీనీ, ఒక దానిమ్మ, 28 రూపాయలు. చ అనేది కాయ కాదు, ఎన్ని కాయలు కొన్నామన్న సంఖ్య అని తెలిసి ఉంటే 8చ + 20ద అని రాసేది. ఒకచోట ఎక్స్ ఇంగ్లీషు అక్షరాల్లో 24వది కాబట్టి విలువ 24 అని కూడా వేసింది. దాని గురించి బెంగ వద్దు. రహస్య సంకేతాల ఆటలాడిన పిల్లలు ఇలా చేస్తారు, ఒకసారి చెబితే పోతుంది.

పాపకు లోటుపడింది సూత్రాలు కావు. ఆ అక్షరం ఉన్నచోట ఒక సంఖ్య ఉంది, అదెంతో మనకింకా తెలియదు, అయినా దాన్ని కూడొచ్చు, రెట్టించొచ్చు, చివరికి దాని స్థానంలో సంఖ్య పెట్టి సరిచూడొచ్చు. ఈ ఒక్క సంగతి ఆమెకు అందలేదు. అటు పంపడంలోనూ ఇది లేదు, పళ్లలోనూ లేదు.

దీనికంటే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. కాగితం మీద 8 + 4 = □ + 5 అని రాసి గడి నింపమనండి. 7 అని రాస్తే మంచిదే. 12 అని రాస్తే సమానం గుర్తును ఆమె 'జవాబు ఇక్కడ రాయి' అని చదువుతోందని అర్థం. 17 అని రాస్తే కనిపించిన అంకెలన్నీ కలిపేస్తోంది. ఐదో తరగతి దాకా సమానం గుర్తుకు కుడిపక్క జవాబు ఒక్కటే కనిపిస్తుంది కాబట్టి ఈ అలవాటు మామూలే. ఇది సరికాకుండా సమీకరణాల్లోకి దిగితే ఎన్ని చెప్పినా నిలవవు. 15 = □ + 6, 9 + 3 = 10 + □ లాంటివి రోజుకు ఐదారు ఇవ్వండి. 7 = 7 సరైనదేనా, 6 + 2 = 8 + 1 సరైనదేనా అని కూడా అడగండి. నాలుగైదు రోజుల పని.

తర్వాత అగ్గిపెట్టెలు. అరడజను ఖాళీవి, గుప్పెడు చింతగింజలు చాలు. పాప చూడకుండా ఒక్కో పెట్టెలో సరిగ్గా ఆరేసి గింజలు పోసి మూయండి. మూడు పెట్టెలు బల్లమీద పెట్టి, పక్కన నాలుగు గింజలు విడిగా పెట్టండి. "అన్ని పెట్టెల్లోనూ ఒకే లెక్కన ఉన్నాయి. మొత్తం గింజలెన్ని?" అని అడగండి. "తెలీదు" అంటుంది. "తెలిసినంత చెప్పు" అనండి. మూడు పెట్టెల్లో ఉన్నవీ, ఇంకో నాలుగూ అన్నంతవరకు ఆగండి. మీరే చెప్పేయొద్దు. అప్పుడు ఒక చీటీ మీద ఆమె చేతనే 'మ = ఒక పెట్టెలో ఉన్న గింజల సంఖ్య' అని రాయించండి. 'మ = పెట్టె' అనో 'మ = గింజలు' అనో రాస్తే ఒప్పుకోవద్దు, మళ్లీ చీనీకాయ దగ్గరికే వెళ్లిపోతాం. అక్షరం 'మ' ఎంచుకున్నది ఊరికే కాదు. పెట్టె, గింజ, అగ్గి, ఏదీ మతో మొదలు కాదు. మొదటి కొన్ని వారాలు వస్తువు పేరులోని తొలి అక్షరాన్ని వాడకుండా ఉంటేనే మేలు.

ఇప్పుడు 3మ + 4 ఆమె కళ్లముందే ఉంది. విడిగా ఉన్న నాలుగు గింజలు నాలుగు పెట్టెలు ఎందుకు కావో మీరు నోరు విప్పి చెప్పక్కర్లేదు. 'అయితే 7మ అంటే ఎట్లా ఉంటుంది, పెట్టి చూపించు' అంటే చాలు. ఏడు పెట్టెలు కావాలి, బల్లమీద మూడే ఉన్నాయి. మర్నాడు అవే పెట్టెల్లో తొమ్మిదేసి పోయండి. రాత అదే 3మ + 4, మొత్తం మాత్రం 22 కాదు, 31. ఇంకో రోజు ఖాళీ పెట్టెలే పెట్టండి. సున్నా కూడా మ విలువ కావచ్చని పిల్లలకు తొందరగా తట్టదు. వేరే రంగు కాగితం అంటించిన పెట్టెలకు 'న' అని పేరు పెట్టి, ఒకరోజు వాటిలోనూ మలో ఉన్నన్నే పోయండి. అక్షరాలు వేరైతే సంఖ్యలూ వేరే ఉండాలని పాప అనుకుంటోందేమో అప్పుడు బయటపడుతుంది.

మ విలువ 3 అయినప్పుడు 5మ ఎంత అని ఒకసారి అడిగి చూడండి. 53 అనే పిల్లలు తక్కువేం కాదు. ఐదు పెట్టెల్లో మూడేసి అని చూపిస్తే 15కు వచ్చేస్తారు.

ఇక సమీకరణం. రెండు పెట్టెలు, ఐదు గింజలు ఒక పక్క. పదిహేడు గింజలు ఇంకో పక్క. మధ్యలో సుద్దముక్కతో సమానం గుర్తు. రెండు పక్కలా ఒకేలా చేస్తే సమానం చెడదు అన్న ఒక్క షరతు పెట్టి, పెట్టె తెరవకుండా లోపలెన్నో చెప్పమనండి. ఐదు తీస్తుంది ఇటు, ఐదు తీస్తుంది అటు. రెండు పెట్టెలకు పన్నెండు, ఒక పెట్టెకు ఆరు. చేతులు చేసిన ప్రతి పనినీ వెంటనే కాగితం మీద పెట్టించండి: 2మ + 5 − 5 = 17 − 5, ఆ కింద 2మ = 12, ఆ కింద మ = 12 ÷ 2. గింజలతో ఆడించి వదిలేస్తే ఆట ఆటగానే ఉండిపోతుంది.

దీనికి నిజం తక్కెడ తెచ్చి పెడదామనిపిస్తుంది. వద్దు. పెట్టెలకూ బరువుంటుంది, ఆ పక్కే కిందికి దిగుతుంది. అటు కూడా రెండు ఖాళీ పెట్టెలు పెడితే సరిపోతుంది గానీ, పాప వాటినీ లెక్కలోకి తీసుకుంటుంది. చింతగింజలన్నీ ఒకే బరువు ఉండవు. రూపాయి బిళ్లలు వాడదామన్నా పాతవీ కొత్తవీ బరువులు వేరు. తక్కెడ బొమ్మ గీస్తే చాలు.

పెట్టెలకూ ఒక హద్దు ఉంది, ముందే తెలుసుకోండి. 2మ + 9 = 3 అన్న లెక్కలో మ విలువ −3. ఏ పెట్టెలోనూ −3 గింజలు పోయలేం. అక్కడికి వచ్చేసరికి పెట్టెలు అటకెక్కించి, రెండు పక్కలా ఒకే పని చేయడమన్న నియమాన్ని మాత్రం కాగితం మీద కొనసాగించాలి.

మీ మామగారి దగ్గరికి వద్దాం. ఆయన చెప్పే నియమం తప్పు కాదు. రెండు పక్కలా 5 తీసేస్తే ఎడమ పక్క +5 మాయమై, కుడిపక్క −5 కనిపిస్తుంది. ఆయన చెప్పేది ఆ అడుగు కలిపేసిన మాట. స్కూలు పుస్తకంలో పక్షాంతరం అనేదీ అదే. గింజలు తీసిన పిల్ల తర్వాత ఆ అడుగు వదిలేస్తే ఏ నష్టమూ లేదు, వేగం వస్తుంది. ముందే వదిలేస్తే 12 − 2 = 10 వస్తుంది.

ఇంకో సంగతి మీరు గమనించే ఉంటారు. ఆయన నోటితో జవాబు చెప్పేస్తుంటే పాపకు అక్షరం అవసరమే కనిపించదు. ఒక సంఖ్యకు దాని మూడో వంతు కలిపితే 32, ఆ సంఖ్య ఎంత? ఆయనలాంటివారు 3 అనుకుని మొదలుపెడతారు. మూడుకు ఒకటి కలిపితే నాలుగు, 32లో నాలుగు ఎనిమిది సార్లు, కాబట్టి మూడెనిమిదులు 24. ఇది చాలా పాత పద్ధతి. భాస్కరాచార్యుడు 1150లో లీలావతిలో దీన్ని ఇష్టకర్మ పేరుతో చెప్పాడు. కానీ విడిగా ఒక సంఖ్య కలిస్తే ఈ ఉపాయం ఆగిపోతుంది. 2మ + 5 = 17లో మను 4 అనుకుంటే 13 వస్తుంది, 13ను ఎన్ని రెట్లు చేసి 17కు తెస్తారు? అలాగని నోటి లెక్కను చిన్నచూపు చూడొద్దు. తాతనూ మనవరాలినీ కలిపి ఈ లెక్క మీద కూర్చోబెట్టండి: ఒక ఆటో ఎక్కగానే 50 రూపాయలు, కిలోమీటరుకు 12. ఇంకోటి ఎక్కగానే 20, కిలోమీటరుకు 15. ఎంత దూరానికి రెండిటి బాడుగా ఒకటే అవుతుంది? ఆయన "ముందు 30 తేడా, కిలోమీటరుకు మూడు తరుగుతుంది, పది కిలోమీటర్లు" అంటారు. పాప 50 + 12మ = 20 + 15మ అని రాసి, రెండు పక్కలా 12మ తీసి, 20 తీసి, 30 = 3మ దగ్గరికి వస్తుంది. ఆయన నోట్లో ఉన్న 30, మూడు ఆమె కాగితం మీద ఉంటాయి. ఎటు చేసినా బాడుగ 170.

ఆటోలతోనే ఇంకో ఉచ్చు ఉంది. ఒక్కో ఆటోలో 8 మంది కూలీలు పోతున్నారు. ఆటోల సంఖ్య త, కూలీల సంఖ్య ప. సమీకరణం రాయమనండి. ఎనిమిది మందికి ఒక ఆటో అని చదువుకుని 8ప = త అని రాయడం పెద్దవాళ్లు కూడా చేసే పొరపాటే. రెండు ఆటోలు పెట్టి చూస్తే కూలీలు 16. 8 × 16 రెండు కాదు. ప = 8త అయితే సరిపోతుంది.

ఇలా తిరిగి పెట్టి చూడటమే మీ ఇంటి గొడవకు మందు కూడా. మ = 10 అని వచ్చాక 2 × 10 + 5 వేయించండి. 25 వస్తుంది, కావాల్సింది 17. తప్పని చెప్పింది మీరూ కాదు, ఆయనా కాదు. ఇప్పుడు పాప జవాబు రాసి మీ ఇద్దరి మొహాలకేసి చూస్తోంది. సరిచూడటం అలవాటైతే కాగితం కేసి చూస్తుంది. ప్రతి లెక్క కిందా ఈ ఒక్క వరుస ఉండాల్సిందేనని ఇంట్లో అందరూ ఒప్పుకుంటే, మీ ఇద్దరి పద్ధతులూ పక్కపక్కనే ఉండొచ్చు.

ఐదు వారాల్లో ఏం చేయాలన్నదానికి మూడు దారులు కనిపిస్తున్నాయి. పరీక్ష అయ్యేదాకా మామగారి పద్ధతికే వదిలేయొచ్చు. ఒకే రకం లెక్కలు నలభై యాభై చేస్తే మార్కులు పెరుగుతాయి, ఇంట్లో శాంతి ఉంటుంది. ఎనిమిదో తరగతిలో రెండు పక్కలా అక్షరాలు, బ్రాకెట్లు, భిన్నాలు వచ్చినప్పుడు మళ్లీ ఇక్కడికే వస్తారు, అప్పటికి పాప 'నాకు రావు' అని ఇంకో ఏడాది అనుకుని ఉంటుంది. రెండోది, అన్నీ ఆపి పెట్టెల నుంచి మొదలుపెట్టడం. పునాది గట్టిగా పడుతుంది. కానీ మొదటి రెండు వారాలు హోంవర్కు వెనకబడుతుంది, స్కూల్లో మాట పడుతుంది, తన పని లాక్కున్నారని మామగారూ నొచ్చుకుంటారు.

మూడోది, సాయంత్రాన్ని పంచుకోవడం. మీ దగ్గర ఇరవై నిమిషాలు పెట్టెలు, ఆయన దగ్గర స్కూలు హోంవర్కు. ఆయన పద్ధతిలోనే చేయనివ్వండి, సరిచూసే వరుస మాత్రం తప్పనిసరి. నాకు ఇదే బాగుందనిపిస్తుంది గానీ, ఆయన చెబుతున్నప్పుడు మీరు మిషన్ దగ్గర్నుంచి మాట కలపకుండా ఉండగలగాలి. అది చేతకాదనిపిస్తే రెండోదే మేలు, కాకపోతే ఆయనకు ముందే చెప్పి చేయండి. "మీ లెక్క తప్పు" అనకుండా "గుర్తు ఎందుకు మారుతుందో పాపకు చూపిస్తా, ఆ తర్వాత మీరు వేగం నేర్పండి" అంటే ఒప్పుకుంటారు.

ట్యూషన్ మాట. చేర్చే ముందు ఆ మాస్టరును ఒక్కటి అడగండి: పాప తప్పు జవాబు రాస్తే ఏం చేస్తారు? సూత్రం పదిసార్లు రాయిస్తామంటే మీ ఇంట్లో ఇప్పటికే జరుగుతున్నదానికి 800 కట్టినట్టు. ఎలా చేసిందో ముందు పాపతోనే చెప్పిస్తామంటే ఆలోచించొచ్చు. ఇరవై మందిని ఒక గదిలో పెట్టుకున్న చోట అంత తీరిక ఉండటం కష్టం.

'ఎక్స్ ఎందుకు, వేరే ఏదైనా పెట్టొచ్చు కదా' అని పాప అడుగుతోందని రాశారు. పెట్టొచ్చు. భాస్కరాచార్యుడు మొదటి తెలియని రాశిని యావత్తావత్ అన్నాడు, తర్వాతి వాటికి కాలకం, నీలకం, పీతకం, లోహితకం అని రంగుల పేర్లు పెట్టి యా, కా, నీ అని పొట్టిగా రాసుకున్నాడు. లెక్కలోని వస్తువులకూ ఆ రంగులకూ ఏ సంబంధమూ లేదు. అక్షరమాల చివరి అక్షరాలను తెలియని వాటికీ, మొదటి అక్షరాలను తెలిసిన వాటికీ వాడటం ఫ్రాన్సుకు చెందిన డెకార్ట్ 1637లో అచ్చువేసిన జ్యామితి పుస్తకం నుంచి స్థిరపడింది. పాపకు నచ్చిన అక్షరంతో ఇంట్లో చేయనివ్వండి, స్కూల్లో ఎక్స్ రాస్తే సరి.

సమీకరణాలు కాస్త పట్టుబడ్డాక అగ్గిపుల్లలతో చతురస్రాలు పేర్పించండి. ఒకటికి 4 పుల్లలు, పక్కనే ఆనించి ఇంకోటి పెడితే 7, మూడుకు 10. పదికి ఎన్ని, వందకు ఎన్ని? పేర్చకుండా చెప్పాలంటే మొదటి పుల్ల ఒకటి, ఆపైన ప్రతి చతురస్రానికీ మూడు, అంటే 3న + 1. ఇక్కడ న అనేది కనిపెట్టాల్సిన ఒక్క సంఖ్య కాదు, ఏ సంఖ్యయినా కావచ్చు. అక్షరానికి ఉన్న ఈ రెండో పని పెట్టెల్లో పూర్తిగా కనిపించదు. పాపకు ముగ్గులంటే ఇష్టమైతే సందు చుక్కలు కూడా ఇదే పనికొస్తాయి: 5 నుంచి 3 దాకా అయితే 19 చుక్కలు, 7 నుంచి 4 దాకా అయితే 37. దానికి సూత్రం కట్టడం ఇంకో రెండేళ్ల తర్వాతి ముచ్చట, లెక్కపెట్టడం ఇప్పుడే చేయొచ్చు.

చివరగా రాత సంగతి. నోటుబుక్కులో మీ పాప ఎక్స్‌నూ గుణకారం గుర్తునూ ఒకేలా రాస్తోంది. రెండుచోట్ల తనది తానే తప్పుగా చదువుకుని మార్కులు పోగొట్టుకుంది. ఎక్స్‌ను రెండు వంపులు వీపులానించినట్టు కలిపిరాతలో రాయించండి. సంఖ్యకూ అక్షరానికీ మధ్య గుణకారం గుర్తు పెట్టే పనే లేదని, సంఖ్య ముందు, అక్షరం వెనక రావాలని చెప్పండి. తన ఇష్టానికి అక్షరం ఎంచుకునేటప్పుడు ఇంగ్లీషు ఓ, ఎల్, ఎస్, బి, జెడ్ వద్దు. చేతిరాతలో అవి సున్నా, ఒకటి, ఐదు, ఆరు, రెండులా కనిపిస్తాయి.